ఆఖరి లోడు పులుసు

మా ముఠాకి మామిడి సీజను ముగిసేది చెట్టు మీద ఆఖరి కాయ తెగినప్పుడు కాదు. మంగినపూడి సముద్రం ఒడ్డున, ఇన్నమ్మ పాకలో కూర్చుని పులుసన్నం తిన్నప్పుడు.

ఈ అలవాటు ఎవరు పెట్టారో నాకు తెలియదు. నేను కాపురానికి వచ్చేనాటికే ఉంది. జూన్ మూడో వారంలో కలెక్టరు రకం మామిడికాయ ఆఖరి లోడు రసం ఫ్యాక్టరీకి వెళ్ళిపోయాక, తోట కౌలుకి తీసుకున్న నూజివీడు షావుకారు గోపాలకృష్ణగారు తన వ్యానునీ డ్రైవరు సురేష్‌నీ ఒక రోజుకి మాకు వదిలేస్తారు. ఆయన మాత్రం రారు. వాళ్ళింట్లో నీసు ముట్టరు. "సముద్రం చూసి రండి. వాసన మాత్రం అక్కడే వదిలేసి రండి" అంటారు. ప్రతి ఏడూ అదే మాట. ప్రతి ఏడూ మేం నవ్వుతాం.

కోసేవాళ్ళం, ఏరేవాళ్ళం, ట్రేల్లో పేర్చేవాళ్ళం కలిపి పద్నాలుగు మందిమి. హనుమాన్ జంక్షన్‌లో టీ తాగి, గుడివాడ మీదుగా బందరు దాటేసరికి ఎండ ముదురుతుంది. గాలిలో ఉప్పు తగలగానే వ్యానులో మాటలు పెరుగుతాయి.

ఇన్నమ్మ పాకకి పేరు లేదు, బోర్డు లేదు. సరుగుడు వాసాల మీద రేకులు, రెండు వైపులా తాటాకు తడికలు, మూడో వైపు పొయ్యి, నాలుగో వైపు సముద్రం. కూర్చుంటే కుర్చీ కాళ్ళు ఇసుకలోకి దిగిపోతాయి. ఏముంది అని అడిగితే ఆమె నోటితో చెప్పదు, మంచుపెట్టె మూత తీసి చూపిస్తుంది. వేట నిషేధం రెండు నెలలూ ఆ పొయ్యి వెలగదు. జూన్ పదిహేనున పడవలు మళ్ళీ సముద్రంలోకి వెళతాయి. మా పని ముగిసేదీ, ఆమె పని మొదలయ్యేదీ ఒకటే వారం.

మేం ఒక ట్రే కలెక్టరు కాయ పట్టుకెళతాం. ఇన్నమ్మ ఆ రోజు చింతపండు జోలికి పోదు. మా కాయలే చెక్కు తీసి ముక్కలు కోసి పులుసులో వేస్తుంది. పులుసులో పండుగప్ప చేప తలకాయ మేస్త్రికి. అదీ అలవాటే.

మేస్త్రి అంటే మా ఆయన, పోతురాజు. ఆ తలని రెండు చేతులతో పట్టుకుని, బుగ్గ కండ ఒకసారి, కన్ను ఒకసారి, లోపలి మెత్తన ఒకసారి, అరగంట సేపు తినేవాడు. చివరికి పళ్ళెంలో ఎముకలు కడిగిపెట్టినట్టు మిగిలేవి.

"నువ్వు తిన్నాక మా పిల్లికి పనుండదు మేస్త్రీ" అనేది ఇన్నమ్మ.

నేను చెప్పబోయేది పోయిన సీజను సంగతి.

* * *

మామిడి పనిలో ఉన్నవాళ్ళకి సొన కొత్త కాదు. తొడిమ విరిగినప్పుడు చిమ్మే ఆ జిగురు బుగ్గ మీద పడితే బుగ్గ కాలుతుంది, చెయ్యి మీద పడితే చెయ్యి. మర్నాటికి నల్లగా మచ్చ, ఆపైన పుండు. వేపాకూ పసుపూ వేసి కాచిన కొబ్బరినూనె మా అత్త నాకు నేర్పిన మందు. మా తోటలోవాళ్ళే కాదు, చుట్టుపక్కల మూడు నాలుగు తోటల వాళ్ళు కూడా సొన కాలితే నా దగ్గరికే వస్తారు. "సొనకి శకుంతల చెయ్యి పడాలి" అంటారు. ఆ మాట వింటే నాకు బాగుండేది. ఎందుకు దాచడం.

మా ఆయనకి సొన ఒంటి మీద కాదు, నోట్లో. కాయ కోతకి వచ్చిందా లేదా తేల్చేది మేస్త్రి నోరు. చిక్కం కర్రతో ఒక కాయ దింపి, ముక్కు దగ్గర కొరికి, నాలుక మీద తిప్పి ఉమ్మేసి, టెంక గట్టిపడిందేమో చూస్తాడు. "ఇంకా ఎనిమిది రోజులు" అంటే ఎనిమిది రోజులే. గోపాలకృష్ణగారు ఆ మాట మీదే లారీ మాట్లాడుకునేవారు. రోజుకి పది చెట్లు, పది కాయలు. అందుకే ప్రతి సీజనులో ఆయన పెదవులు పగిలేవి, చెంపల లోపల పొక్కులు లేచేవి. నేను నెయ్యి పెట్టేదాన్ని. తగ్గేవి.

మార్చి చివరలో ఒక పొద్దున ముఖం కడుక్కుంటూ ఎడమ చెంప లాగి చూపించాడు.

"ఇదేంటో చూడు. గరుగ్గా తగులుతోంది."

లోపల కందిగింజంత తెల్లటి మచ్చ ఉంది. చుట్టూ ఎర్రగా ఉంది.

"ఏముంది, సొనే. ఇంకా కోత మొదలవలేదు, అప్పుడే నోరు కాల్చుకున్నావు. పది రోజుల్లో మానుతుంది. ఆ ఖైనీ మానెయ్ ఈ పది రోజులూ."

"ఖైనీ మానితే చెట్టెలా ఎక్కుతానే."

"నీకంటే కోతులు నయం. ఏ ఖైనీ లేకుండానే ఎక్కుతాయి."

నవ్వాడు. నెయ్యి నా వేలితో నేనే పెట్టాను.

* * *

మా అమ్మాయి భవాని ఇంటరు పరీక్షలు రాసేసి ఖాళీగా ఉండడంతో ఆ ఏడు ట్రేలు పేర్చడానికి వచ్చింది. ఏప్రిల్లో బంగినపల్లి కోత ఊపందుకుంది. మే మొదటి వారంలో ఒకరోజు, చెట్టు కింద సద్దులు విప్పుతుంటే, మా ఆయన కాయ దింపి కొరకకుండా భవాని చేతికిచ్చాడు.

"కొరుకు."

"నేనా? నువ్వు కొరకవేంటి నాన్నా?"

"పళ్ళు జివ్వుమంటున్నాయి. తొడిమ వైపు కాదు, ముక్కు వైపు. ఆఁ. ఇప్పుడు చెప్పు, పులుపు ఎక్కడ తగిలింది? నాలుక చివరా, పళ్ళ మొదట్లోనా?"

భవాని ముఖం చిట్లించింది. "అంతటా తగిలింది."

"అంతటా తగిలితే పచ్చి. ఇంకో చెట్టుది చూడు."

రెండో కాయకి ఆ పిల్ల కళ్ళు మూసుకుని ఆలోచించింది. "ముందు పులుపు, తర్వాత వెనకాల కొంచెం తీపి."

"వెనకాల అంటే?"

"గొంతు దగ్గర."

"నాలుగు రోజులు" అన్నాడు మా ఆయన, ఎంతో సంతోషంగా.

అప్పుడే బండి దిగి వస్తున్న గోపాలకృష్ణగారు చూసి, "ఏం మేస్త్రీ, నోరు మార్చావే?" అన్నారు.

"కొత్త నోరండి. ఖైనీ తగల్లేదు. నా దానికంటే బాగా పనిచేస్తది."

అందరం నవ్వాం. ఆడపిల్లకి పని మీద ఇష్టం కలగాలని అలా చేస్తున్నాడనుకున్నాను నేను. ఆ రోజు నుంచి సీజను అయ్యేదాకా ఆయన ఒక్క కాయ కూడా కొరకలేదు.

సద్దిలో కూర ముట్టుకోవడం మానేశాడు. మజ్జిగ పోసుకుని పల్చగా జారేలా కలుపుకునేవాడు. ఎండలకి అదే హాయిగా ఉందన్నాడు. మా ముఠాలో షాలోమి అని ట్రేలు పేర్చే అమ్మాయి, నోరు ఊరుకోదు. ఒకరోజు నా పక్కన కూర్చుని గొంతు తగ్గించి అంది.

"అక్కా, మేస్త్రి మాట ఏంటో ముద్దగా వస్తోంది. నోట్లో ఏదో పెట్టుకుని మాట్టాడినట్టు."

"పెట్టుకునే మాట్లాడతాడు, ఖైనీ."

"ఖైనీ మానేసి నెలయింది కదక్కా."

ఆ సాయంత్రం మందు మార్చాను. నెయ్యిలో తేనె కలిపి చిన్న సీసాలో పోసుకున్నాను. పొద్దున ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి. ఆయన వాకిట్లో వెలుతురుకి తిరిగి, చిన్నపిల్లాడిలా నోరు తెరిచేవాడు. మచ్చ పెరిగింది. అంచులు గట్టిపడ్డాయి. నేను రోజుకి రెండుసార్లు చూశాను. చూడలేదని అబద్ధం చెప్పను. చూసి, సొన ఈసారి గట్టిగా పట్టిందనుకున్నాను.

* * *

ఆ ఏడు జూన్ పద్దెనిమిదిన వెళ్ళాం సముద్రానికి.

ఇన్నమ్మ దూరం నుంచే చూసింది. "వచ్చారా తోటోళ్ళు. పడవలెళ్ళి మూడు రోజులు కాలేదు, అప్పుడే వాసన తగిలిందా?"

మంచుపెట్టె మూత తీసింది. మోచేతి పొడవున రెండు పండుగప్పలు, వెండి రంగు కానాగంతలు, రొయ్యలు, తాడుతో కాళ్ళు కట్టేసిన పీతలు.

"పిన్నీ, ఈ పీత ఇంకా కదులుతోంది" అన్నాడు సురేష్.

"కదలనీరా. నువ్వు పొద్దున్నించి సీట్లోంచి కదలలేదు, అది నీకంటే మేలు."

ముందు అందరం నీళ్ళలోకి వెళ్ళాం. మూడు నెలల దుమ్మూ, సొన మచ్చలూ ఉప్పునీళ్ళలో నానబెట్టుకుని, తడిబట్టలతోనే వచ్చి కూర్చున్నాం. ఇన్నమ్మ మూకుట్లోంచి నేరుగా పళ్ళాల్లోకి నెత్తళ్ళు వేసింది. కరివేపాకూ వెల్లుల్లీ అంటుకుని కరకరలాడుతున్నాయి. వాటి వెనకే రొయ్యల వేపుడు. గాలికి ఇసుక లేస్తుంటే పళ్ళెం మీదకి వంగి, చేత్తో అడ్డం పెట్టుకుని తిన్నాం. ఎవరూ ఎవరికీ వడ్డించే పని లేదు, ఎవరికి అందింది వాళ్ళు లాక్కోవడమే. షాలోమి పీత కాలు పళ్ళతో పటుక్కున విరిచి, "మా అత్త గుర్తొస్తే ఇంకా బాగా విరుగుద్ది" అంది. భవాని పొలమారేదాకా నవ్వింది. ఏడాదంతా నలుగురికి పెట్టి తినే నేను, అక్కడ నాకోసం నేను తింటాను. ఆ రోజు కూడా బాగా తిన్నాను.

తర్వాత పులుసు వచ్చింది. మా కలెక్టరు ముక్కలు పులుసులో ఉడికి అంచులు కరిగాయి. ఇన్నమ్మ తలకాయ తెచ్చి మా ఆయన పళ్ళెంలో పెట్టింది. ఆయన బుగ్గ దగ్గర చిన్న ముక్క తుంపి నోట్లో పెట్టుకున్నాడు. అలాగే ఉండిపోయాడు. కళ్ళలో నీళ్ళు తిరిగితే సముద్రం వైపు ముఖం తిప్పుకున్నాడు. కాసేపటికి తలకాయని మెల్లగా భవాని పళ్ళెంలోకి జరిపాడు.

"నువ్వు తిను తల్లీ."

"అమ్మో, అది నన్నే చూస్తోంది నాన్నా. నాకొద్దు."

"చూస్తే చూడనీ. కాయ కొరికినదానివి, తల కొరకలేవా?"

భవాని దాన్ని తినలేదు. పక్కన పెట్టింది.

పొయ్యి దగ్గర నుంచి ఇన్నమ్మ ఇదంతా చూసింది. వచ్చి మా ఆయన ముందున్న పళ్ళెం తీసుకెళ్ళింది. కొంచెం సేపయ్యాక ఒక గిన్నె తెచ్చిపెట్టింది. ఉప్పు మాత్రమే వేసి ఉడికించిన చేప, ముల్లు అన్నది లేకుండా తీసి, మెత్తటి అన్నంలో పిసికి, చల్లార్చి తెచ్చింది. ఆయన తల ఎత్తి ఆమె వైపు చూశాడు. తర్వాత కుడి దవడతో, నెమ్మదిగా, గిన్నె మొత్తం తిన్నాడు. నెల రోజుల్లో ఆయన కడుపు నిండా తినడం నేను చూడటం అదే మొదటిసారి.

నాకు సంతోషం వేయాలి. కోపం వచ్చింది. నా మొగుడికి ఏం పెట్టాలో ఏడాదికోసారి చూసే మనిషి నాకు నేర్పుతుందా అనిపించింది. చెయ్యి కడుక్కునే వంకతో పొయ్యి దగ్గరికి వెళ్ళాను.

"ఏంటొదినా, చంటిపిల్లాడికి పెట్టినట్టు పెట్టావు మేస్త్రికి?"

ఆమె మంట సర్దుతోంది. "ఎడమ పక్క నమలట్లేదు. ఎన్నాళ్ళయింది?"

"సొన పుండొదినా. ప్రతి ఏడూ వచ్చేదే. నేనే మందు పెడుతున్నా."

"సొన పుండు ఎన్నాళ్ళకి మానుద్ది?"

"పది రోజులు."

అన్నాక నా మాట నాకే వినబడింది.

మార్చి చివర. ఏప్రిల్. మే. ఈ రోజు జూన్ పద్దెనిమిది.

ఇన్నమ్మ నా వైపు చూడలేదు. పొయ్యిలోంచి ఒక కట్టె వెనక్కి లాగి ఇసుకలో గుచ్చింది.

"మాది ఉప్పు పుండనుకున్నాం" అంది. "ఏటకెళ్ళేవోళ్ళకి ఉంటాయిలే అనుకున్నాం."

ఆమె మొగుడు పోయి ఆరేడేళ్ళయిందని నాకు తెలుసు. ఎలా పోయాడో ఎప్పుడూ అడగలేదు. మేం అక్కడికి తినడానికి వెళ్ళేవాళ్ళం.

గరిటె నా చేతిలో పెట్టింది. "ఆళ్ళకి పులుసు వడ్డించమ్మా. చల్లారిపోద్ది."

వడ్డించాను. ఒక్కొక్కరి దగ్గరా వంగి, ముక్క పడిందో లేదో చూసి, ఇంకొంచెం అన్నం కావాలా అని అడిగి, అందరికీ వడ్డించాను. మా ఆయన ఖాళీ గిన్నె చేత్తో పట్టుకుని పడవల వైపు చూస్తున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు భవాని ఆయన భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. గుడివాడ దాటాక అడిగాడు.

"ఇన్నమ్మ ఏమంది?"

"పులుసులో ఉప్పు చూడమంది."

"అబద్ధం చెప్పడం రాదే నీకు."

వ్యాను కుదుపుకి భవాని తల జారితే మళ్ళీ సర్దాడు.

"రేపు బెజవాడ వెళ్ళొద్దాం" అన్నాను.

"ఊఁ" అన్నాడు. ఎందుకని అడగలేదు.

* * *

బెజవాడ ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్న పిల్ల, భవాని కంటే పదేళ్ళు పెద్దదేమో. ఆయన నోట్లోకి లైటు వేసి చాలాసేపు చూసింది. మెడ కింద వేళ్ళతో తడిమింది. కుర్చీలో కూర్చుని కాగితం ముందుకి లాక్కుంది.

"ఎన్నాళ్ళ నుంచి ఉందండీ ఇది?"

నేను చెప్పడానికి నోరు తెరిచాను. నా సంచీలో నెయ్యీ తేనే కలిపిన సీసా ఉంది. ఎందుకు పట్టుకెళ్ళానో నాకే తెలియదు. చూపిస్తే ఏ మందు వాడానో తెలుస్తుందనేమో.

"ఈవిడకి తెలియదండి" అన్నాడు మా ఆయన, నా కంటే ముందు. "మొన్న సముద్రానికి వెళ్ళినప్పుడే బయటపడింది. నేనే దాచిపెట్టా."

"ఎందుకు దాచారు?"

"సీజను కదండి."

డాక్టరమ్మ రాసుకుంది. ఆ కాగితాలు మా బీరువాలో ఉన్నాయి. భార్యకి తెలియదు అనే ఉంది వాటిలో.

ఆపరేషను చేశారు. కరెంటు పెట్టారు. సగం దవడ తీసేశాక ఆయన మాటలు నాకూ భవానికీ తప్ప ఎవరికీ అర్థమయ్యేవి కావు. షావుకారుగారు చూడటానికి వచ్చి, మంచం పక్కన కూర్చుని, ఏం మాట్లాడాలో తెలియక తోటల సంగతులు చెప్పారు. వెళ్ళేటప్పుడు మా ఆయన భవానిని చూపించి ఏదో అన్నాడు. షావుకారుగారు అర్థంకాక నా ముఖం చూశారు.

"కాయ కోతకి వచ్చిందో లేదో భవానిని అడగమంటున్నాడండి" అని చెప్పాను.

డిసెంబరులో పోయాడు. తోటలు ఇంకా పూతకి రాలేదు.

పెద్దకర్మ అయిన నాలుగో రోజున భవాని గిన్నెలు తోముతూ ఒక మాట అడిగింది. "అమ్మా, నువ్వు రోజూ చూసేదానివి కదా?"

వెంటనే బిందె తీసుకుని నీళ్ళు పట్టుకురావడానికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు.

* * *

ఈ సీజనులో నేను ఎవరికీ మందు పెట్టలేదు. బుగ్గ కాలి షాలోమి వస్తే సర్కారు ఆసుపత్రికి వెళ్ళమన్నాను. "సొనకి ఆసుపత్రేంటక్కా" అని మొదట నవ్వింది. నా ముఖం చూసి వెళ్ళింది.

భవాని డిగ్రీలో చేరింది. సెలవు రోజుల్లో గోపాలకృష్ణగారు బండి పంపించేవారు. భవాని తోటలో తిరిగి కాయ కొరికి, కళ్ళు మూసుకుని, ఎన్ని రోజులో చెప్పేది. రెండుసార్లు తప్పింది. మిగతావన్నీ సరిపోయాయి. ఉమ్మేశాక నోరు నీళ్ళతో పుక్కిలించమని నేను వెనకాల సీసా పట్టుకుని తిరిగేదాన్ని. "చాల్లే అమ్మా, అందరూ చూస్తున్నారు" అనేది.

ఆఖరి లోడు వెళ్ళాక నేను సముద్రానికి రానన్నాను. షాలోమి వచ్చి ట్రేలో కలెక్టరు కాయలు తనే సర్దింది. "మేస్త్రి ఉంటే ఎవర్నీ ఆగనిచ్చేవాడా అక్కా" అంది. వెళ్ళాను.

ఇన్నమ్మ నన్ను చూసింది. మంచుపెట్టె మూత తీసింది. నీళ్ళలో దిగాం, వచ్చి కూర్చున్నాం. నెత్తళ్ళు వచ్చాయి, రొయ్యలు వచ్చాయి. సురేష్ ఏదో హాస్యమాడితే ఇద్దరు ముగ్గురు నవ్వారు. పులుసు వచ్చింది. దాని వెనకే పళ్ళెంలో తలకాయ పట్టుకుని ఇన్నమ్మ వచ్చి, మా మధ్య నిలబడిపోయింది. ఎవరి ముందు పెట్టాలో ఆమెకి తెలియలేదు. ముఠాకి ఇంకా కొత్త మేస్త్రి లేడు.

"ఇటివ్వత్తా" అంది భవాని.

రెండు చేతులతో అందుకుంది. బుగ్గ కండ వలిచి తింది. కన్ను దగ్గర ఒక్క క్షణం ఆగింది. అదీ తింది. ఎముక పట్టుకుని పీల్చింది. వాళ్ళ నాన్న కూర్చున్నట్టే ఒక మోకాలు పైకి పెట్టుకుని, తొందర లేకుండా తిన్నది. మిగతావాళ్ళు మెల్లగా తమ పళ్ళాల్లోకి తలలు వంచారు. మళ్ళీ చేతుల చప్పుడు, గ్లాసుల చప్పుడు మొదలైంది.

పులుపు తగిలిందేమో, ఒకచోట ముఖం చిట్లించింది. ఎడమ చెంప మీదకి చెయ్యి వెళ్ళింది.

"భవానీ, నోరు తెరువు" అన్నాను.

"ఏంటమ్మా?"

"తెరువు."

అందరి ముందూ అన్నాను. గట్టిగానే అని ఉంటాను, షాలోమి తినడం ఆపేసింది. భవాని నా వైపు చూసింది. చాల్లే అంటుందనుకున్నాను. అనలేదు. నోట్లోది మింగి, నీళ్ళు తాగి, కుర్చీ జరుపుకుని సముద్రం వెలుతురు పడేలా నా వైపు తిరిగి నోరు తెరిచింది.

చెంప లాగి చూశాను. ఎడమ చూశాను. కుడి చూశాను. నాలుక ఎత్తమని కింద చూశాను.

"ఉందా?" అంది, నా వేలు ఇంకా నోట్లో ఉండగానే.

"లేదు."

"ఇంక తిననా?"

"తిను" అన్నాను.

నా పళ్ళెంలో పులుసు చల్లారిపోయింది. ఇన్నమ్మ వచ్చి దాని మీద ఇంకో గరిటె వేడిది పోసి, పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.